192 కిలోహెర్ట్జ్ ఫైల్‌లో తేడా నాకు స్పష్టంగా వినిపిస్తోంది. మీకు?

#1 · రాత్రిరాగం

నెల రోజులుగా ఒకే ఆల్బమ్‌ను రెండు రకాలుగా వింటున్నాను. ఒకటి ఎప్పుడో సీడీ నుంచి కంప్యూటర్‌లోకి రిప్ చేసుకున్న ఫ్లాక్ (నష్టం లేకుండా కుదించే ఫైల్), 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. రెండోది ఈమధ్య కొన్న హై-రెజ్ డౌన్‌లోడ్, 24 బిట్, 192 కిలోహెర్ట్జ్. పాటలు అవే, పాడినవాళ్లు వాళ్లే. అయినా రెండోది పెట్టగానే గదిలో కిటికీ తెరిచినట్టు ఉంటుంది. గాయని ఊపిరి తీసుకోవడం, గిటార్ తీగ మీద వేలు జారడం, అన్నీ వేటికవి విడివిడిగా వినిపిస్తాయి. సీడీ రిప్‌లోనూ అవన్నీ ఉన్నాయి గానీ, పైన ఎవరో దుప్పటి కప్పినట్టు ఉంటాయి.

హై-రెజ్ ఫైల్ కాస్త మెల్లగా ఉంటుంది కాబట్టి వాల్యూమ్ కొంచెం పెంచుకుంటాను, అంతే. డాక్ (డిజిటల్ ఫైల్‌ను శబ్దపు సిగ్నల్‌గా మార్చే పరికరం), హెడ్‌ఫోన్స్ రెండూ మంచివే. "మనిషి చెవికి ఈ తేడా తెలియదు" అని తీర్పులు చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతోంది. నాకు తెలుస్తోందిగా! మీలో ఇంకెవరికైనా ఇలా అనిపించిందా?

#2 · తీగలపిచ్చి

నూటికి నూరు పాళ్లు నిజం బ్రదర్. ఒకసారి 192 విన్న చెవి మళ్లీ సీడీకి రాలేదు. ఇంతకీ ఏ యూఎస్‌బీ కేబుల్ వాడుతున్నారు?

#3 · సున్నాఒకటి

రాత్రిరాగం గారూ, మీకు తేడా వినిపించిందంటే నమ్ముతాను. దానికి కారణం 192 అంటేనే నమ్మను.

శాంపిళ్లు, అంటే సెకనుకు శబ్దాన్ని కొలిచే సార్లు, ఎక్కువైతే శబ్దం గీత నునుపుగా వస్తుందని చాలామంది అనుకుంటారు. పత్రికల్లో, ప్రకటనల్లో వేసే ఆ మెట్లమెట్ల బొమ్మ వల్ల వచ్చిన తిప్పలివి. డాక్ నుంచి మెట్లు బయటికి రావు. నైక్విస్ట్ 1928లో మొదలుపెట్టిన ఆలోచనను షానన్ 1949లో సిద్ధాంతంగా నిరూపించాడు. ఒక శబ్దంలోని అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలిస్తే చాలు, ఆ శబ్దం మొత్తం తిరిగి వస్తుంది. దాదాపుగా కాదు, మొత్తంగా. ఆ చుక్కల గుండా పోగలిగే గీత, ఆ హద్దుకు లోబడి, ఒక్కటే ఉంటుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో ఆ హద్దు 22.05. మనిషి చెవి 20 దగ్గరే ఆగిపోతుంది, అదీ చిన్న వయసులో. నడివయసు దాటాక 15 వినిపిస్తే గొప్ప.

ఇక బిట్లు, అంటే ఒక్కో కొలతను రాసుకునే అంకెలు. ఒక్కో బిట్‌కు మెల్లని, గట్టి శబ్దాల మధ్య దాదాపు 6 డెసిబెల్స్ జాగా. 16 బిట్లకు 96, 24 బిట్లకు 144. అర్ధరాత్రి నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా 30 డెసిబెల్స్ దాకా చప్పుడు ఉంటుంది. దానిమీద ఇంకో 96 పెడితే చెవులు హోరెత్తిపోతాయి. 144 వాడాలంటే మీరు వినాల్సింది పాట కాదు, జెట్ ఇంజన్.

#4 · ముల్లుగ్రామఫోన్

వచ్చారండీ లెక్కల మాస్టారు. ఆ సిద్ధాంతం 1982లోనూ ఉంది కదా, అప్పుడు వచ్చిన సీడీలు ఎందుకు గాజు పెంకు గీసినట్టు ఉండేవి? అప్పట్లో "పర్ఫెక్ట్ సౌండ్" అన్నారు. నేను విన్నాను, పారిపోయి మళ్లీ ఎల్‌పీ రికార్డులకే వచ్చాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. నా ఎల్‌పీలో ఒకటీ సున్నా ఏమీ లేవు, గాడి ఉంది, ముల్లు ఉంది.

#5 · మిక్సింగ్‌బల్ల

ముల్లు గారి మాటలో సగం నిజముంది. నేను స్టూడియోలో పనిచేస్తాను, మాస్టరింగే (పాట బయటికి వెళ్లేముందు చివరి మెరుగు దిద్దడం) నా పని, కాబట్టి ఆ సగం గురించి చెబుతాను.

మొదటి తరం ప్లేయర్లలో కొన్ని 20 కిలోహెర్ట్జ్ దాటగానే శబ్దాన్ని గోడ కట్టినట్టు కోసేసే అనలాగ్ ఫిల్టర్లు వాడాయి. అంత నిట్టనిలువుగా కోస్తే కింద వినిపించే భాగంలో కూడా ఫేజ్ (తరంగాల సమయపు అమరిక) అటూ ఇటూ అవుతుంది. ఫిలిప్స్ వాళ్లు వేరే దారి పట్టారు. వాళ్ల దగ్గర అప్పుడున్నది 14 బిట్ల డాక్ చిప్పే. దాన్ని 4 రెట్ల ఓవర్‌శాంప్లింగ్‌తో (కొలతల మధ్య లెక్కగట్టిన కొత్త కొలతలు చేర్చి) నడిపి, ఫిల్టర్ పనిలో పెద్ద భాగం డిజిటల్‌లోనే చేయించి, 16 బిట్లకు దగ్గరగా ఫలితం రాబట్టారు. ఇప్పుడు ప్రతి డాక్‌లోనూ ఓవర్‌శాంప్లింగ్ ఉంటుంది కాబట్టి ఆ గొడవ ఎప్పుడో తీరిపోయింది.

రెండో కారణం ఇంకా సాదాసీదాది. ఎల్‌పీ కోయడం కోసం తయారుచేసిన టేపుల్నే తెచ్చి సీడీలో పోసిన సందర్భాలున్నాయి. గాడిలో బాస్ ఎక్కువైతే ముల్లు ఎగిరిపోతుంది, ట్రెబుల్ ఎక్కువైతే కటింగ్ హెడ్ వేడెక్కుతుంది. అందుకని ఆ టేపుల్లో సర్దుబాట్లు చేసేవాళ్లు. ఆ సర్దుబాట్లతో సహా సీడీకి ఎక్కిస్తే గాజు పెంకే వస్తుంది. తప్పు పాత్రది కాదు, అందులో పోసినదానిది.

#6 · సగంచెవి

ముల్లు అన్నా, నీ ఎల్‌పీలో ఒకటీ సున్నా లేవని నీకెవరు చెప్పారు?

మొబైల్ ఫిడెలిటీ అనే రికార్డుల కంపెనీ కథ మరిచిపోయావా? అసలు టేపు నుంచి నేరుగా అనలాగ్‌లోనే కోసినవని జనం ఎగబడి కొన్న ఆ రికార్డుల్లో చాలావాటికి మధ్యలో డీఎస్‌డీ అనే డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడింది. ఏళ్ల తరబడి బంగారు చెవుల వాళ్లంతా "ఆహా, అనలాగ్ వెచ్చదనం" అని సమీక్షలు రాశారు. ఒక్కడికి కూడా డిజిటల్ వాసన రాలేదు. చివరికి అది కోర్టు దాకా వెళ్లింది.

#7 · ముల్లుగ్రామఫోన్

మరిచిపోలేదు. నా దగ్గర వాటిలో మూడున్నాయి. గాయం మీద కారం చల్లకు.

#8 · రాత్రిరాగం

అందరూ నా ప్రశ్న వదిలేసి చరిత్రలోకి వెళ్లారు. సున్నాఒకటి గారూ, సిద్ధాంతం ఒప్పుకుంటాను. మరి 2016లో రైస్ అనే ప్రొఫెసర్ చేసిన పరిశీలన సంగతేమిటి? 18 ప్రయోగాల్ని, 12,500కు పైగా ప్రయత్నాల్ని కలిపి లెక్కేస్తే, హై-రెజ్‌ను గుర్తుపట్టడం యాదృచ్ఛికం కన్నా ఎక్కువగానే ఉందని తేలింది కదా?

#9 · సున్నాఒకటి

తేలింది. ఎంత ఎక్కువో కూడా చెప్పండి మరి: 52.3 శాతం. నాణెం ఎగరేస్తే 50. శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టినవాళ్లలో అది ఇంకాస్త పెరిగింది, కాదనను. అంటే జాగ్రత్తగా వింటే ఎక్కడో ఏదో సన్నటి జాడ ఉండొచ్చు. దానికీ, మీరు చెప్పిన "కిటికీ తెరిచినట్టు"కూ పోలికే లేదు. కిటికీ తెరిస్తే వందకు వంద మందికీ తెలియాలి.

అటువైపు 2007లో మేయర్, మోరాన్ చేసిన ప్రయోగం ఉంది. ఎస్‌ఏసీడీ అనే హై-రెజ్ డిస్కు నుంచి వచ్చే శబ్దాన్ని మధ్యలో 16 బిట్, 44.1 గుండా పంపి వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 సార్లు సరిగ్గా చెప్పారు, అంటే 49.8 శాతం. వాళ్లు వాడిన డిస్కుల్లో కొన్ని అసలు హై-రెజ్ మూలం నుంచి వచ్చినవే కావన్న విమర్శ దీనిమీద ఉంది, అది సబబైన విమర్శే. అందుకే వేరేవాళ్ల ప్రయోగాల గురించి ఇక్కడ కొట్టుకోవడం ఎందుకు? మీ ఫైళ్లున్నాయి, మీ చెవులున్నాయి. ఏబీఎక్స్ పెట్టుకోండి.

#10 · రాత్రిరాగం

ఏబీఎక్స్ అంటే ఆ గుడ్డి పరీక్షేనా? ఎలా చేయాలి?

#11 · సున్నాఒకటి

ఫూబార్2000 ప్లేయర్‌కు ఏబీఎక్స్ కంపారేటర్ అని ఒక కాంపోనెంట్ ఉంది, ఉచితం. ఏ, బీ అంటే మీ రెండు ఫైళ్లు. ఎక్స్ అంటే ఆ రెంటిలో ఏదో ఒకటి, మీకు తెలియకుండా. ఎక్స్ ఏదో చెప్పాలి. కావలసినన్ని సార్లు వెనక్కి తిప్పి వినొచ్చు, తొందరలేదు. 16 సార్లు చేయండి. 12 సరిగ్గా వస్తే ఊరికే అదృష్టం వల్ల అయ్యే అవకాశం 4 శాతం లోపే.

ఒక ముఖ్యమైన సంగతి. రెండింటి వాల్యూమ్ సమానం చేయాలి. అర డెసిబెల్ తేడా ఉన్నా మన మెదడు దాన్ని "వాల్యూమ్ ఎక్కువ" అని చెప్పదు, "క్వాలిటీ ఎక్కువ" అని చెబుతుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ గీసిన వక్రరేఖలు చూడండి. శబ్దం పెరిగేకొద్దీ చెవికి బాస్, ట్రెబుల్ ఇంకా బాగా వినిపిస్తాయి. మీరేమో మొదటి పోస్టులోనే వాల్యూమ్ పెంచుకుంటానన్నారు. కాంపోనెంట్‌లో రీప్లేగెయిన్ ఆప్షన్ టిక్ చేస్తే అదే సర్దుతుంది.

#12 · తీగలపిచ్చి

ఈ గుడ్డి పరీక్షలతో వచ్చిన చిక్కే ఇది. టెన్షన్‌లో చెవి పనిచేయదు. సంగీతాన్ని వారాల తరబడి హాయిగా వింటేనే తేడా పట్టుబడుతుంది. అసలు మంచి కేబుల్ మారిస్తే...

#13 · సగంచెవి

మొదలైంది.

#14 · సున్నాఒకటి

హాయిగా వారాల తరబడి వింటూనే ఏబీఎక్స్ చేయొచ్చు. రోజుకొక ప్రయత్నం చేయండి, ఎవరొద్దన్నారు? పేరు కనిపించకూడదు, అంతే షరతు. ఇక యూఎస్‌బీ కేబుల్ గుండా వెళ్లేది బిట్లు. అవి చేరితే చేరినట్టు, లేకపోతే టప్‌టప్‌మని తెగుతుంది. "హై ఫ్రీక్వెన్సీలు ఇంకాస్త పట్టులా" మారడానికి అక్కడ దారే లేదు.

#15 · తీగలపిచ్చి

జిట్టర్ (బిట్లు వచ్చే సమయంలో వణుకు) గురించి తెలియనివాళ్లు మాట్లాడే మాటలివి. ఎసింక్రనస్

[మిగతా భాగాన్ని, దానికి వచ్చిన 11 జవాబులను కేబుళ్ల చర్చకు తరలించాను. ఇక్కడ ఫార్మాట్ల గురించి మాత్రమే. — నిర్వాహకుడు]

#16 · రాత్రిరాగం

చేశాను. వాల్యూమ్ సమానం చేసి మరీ చేశాను. 16కి 15.

చెప్పండి ఇప్పుడు.

#17 · సగంచెవి

ఓహో. 🍿

#18 · ముల్లుగ్రామఫోన్

శభాష్! లెక్కల మాస్టారు ఎక్కడ?

#19 · సున్నాఒకటి

ఇక్కడే ఉన్నాను, పారిపోలేదు. 16కి 15 గాలివాటంగా రావడానికి అవకాశం దాదాపు 3,855లో ఒకటి. కాబట్టి మీకు నిజంగా తేడా తెలుస్తోంది, సందేహం లేదు. ఆ రెండు ఫైళ్లకూ మధ్య తేడా ఉందని తేలింది. అది ఫార్మాట్ తేడా అని ఇంకా తేలలేదు.

రెండు పనులు చేయగలరా? మొదటిది, రెండు ఫైళ్లనూ ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచి వేవ్‌ఫామ్ స్క్రీన్‌షాట్లు పెట్టండి. రెండోది, మీ 192 ఫైల్‌నే సాక్స్ అనే ప్రోగ్రామ్‌తో 16 బిట్, 44.1కి దించండి, డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు వచ్చే వంకరను కప్పే సన్నటి రొద) వేసి. మళ్లీ దాన్ని 24 బిట్, 192కి ఎక్కించండి. ఎక్కిస్తే పోయినదేదీ తిరిగి రాదు, కంగారుపడకండి. ఎక్కించమనేది ఎందుకంటే శాంపుల్ రేట్ మారినప్పుడల్లా చాలా డాక్‌లు చిన్నగా టిక్కుమంటాయి, లేదా ఒక క్షణం ఆగుతాయి. ఆ టిక్కు విని జవాబు చెప్పేసిన మహానుభావులను చూశాను. అందులో నేనూ ఒకణ్ణి.

#20 · రాత్రిరాగం

స్క్రీన్‌షాట్లు జతచేశాను. పైది సీడీ రిప్, కిందిది హై-రెజ్. పైదాన్ని చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఇటుక పేర్చినట్టు పై అంచు నుంచి కింది అంచు దాకా నిండిపోయి ఉంది. కిందిది కొండలూ లోయలూ.

#21 · మిక్సింగ్‌బల్ల

అదీ సంగతి. మీ సీడీ వెనక "రీమాస్టర్డ్" అని ఉంటుంది, చూడండి. రెండూ ఒకే రికార్డింగ్, కానీ ఒకే మాస్టర్ కాదు.

మా వృత్తిలో దీన్ని లౌడ్‌నెస్ వార్ అంటాం. పక్కవాడి పాట కన్నా మన పాట గట్టిగా ఉండాలని ప్రతి శిఖరాన్నీ లిమిటర్‌తో కొట్టేసి, కింద ఉన్నదాన్ని పైకి నెట్టడం. డ్రమ్ దెబ్బకూ గుసగుసకూ మధ్య ఎత్తుపల్లం ఉండదు. 2008లో మెటాలికా వాళ్ల "డెత్ మాగ్నెటిక్" వచ్చినప్పుడు ఇది వీధికెక్కింది. అదే ఆల్బమ్ గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో కూడా వచ్చింది. గేమ్‌కు వెళ్లిన ట్రాకులకు ఆ చివరి ఇస్త్రీ పడలేదు. ఆటలోంచి తీసిన పాటే సీడీ కన్నా బాగుందని అభిమానులు వేలకొద్దీ సంతకాలు పెట్టారు. ఫార్మాట్ దృష్టితో చూస్తే ఆ సీడీలో లోపమేమీ లేదు. 96 డెసిబెల్స్ జాగా ఇచ్చారు, వీళ్లు అందులో పైనున్న కొసరుతో సరిపెట్టుకున్నారు.

హై-రెజ్ అమ్మేటప్పుడు ఒక్కోసారి "వీళ్లు శ్రద్ధగా వినేవాళ్లు" అని మెత్తటి మాస్టర్ ఇస్తారు. జనం ఆ మాస్టర్‌ను విని 192ను మెచ్చుకుంటారు. ఆ మాస్టర్‌నే 44.1లో ఇచ్చి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. నన్నడిగితే చిరాకు పుట్టించేది ఇదే. బాగున్న రుచికి గిన్నెను పొగడటం.

ఇప్పుడు పరిస్థితి కొంత నయం. ప్రసారాలకు 2010లో ఆర్128 అనే ప్రమాణం వచ్చింది, సగటు గట్టిదనం మైనస్ 23 లఫ్స్ (గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) ఉండాలని. స్పాటిఫై లాంటివి మైనస్ 14 దగ్గరికి అన్ని పాటలనూ సర్దుతాయి. అక్కడ గట్టిగా చేసిన పాటకు లాభమేమీ లేదు, వాళ్లే తగ్గించేస్తారు. అయినా క్లయింట్లు "ఇంకొంచెం లౌడ్‌గా మేడం" అనడం మానలేదు, అది వేరే ఏడుపు.

#22 · రాత్రిరాగం

రెండో పరీక్ష కూడా చేశాను. 192 ఫైల్, దాన్నే దించి ఎక్కించిన ఫైల్. మూడు రాత్రులు తీసుకున్నాను. 16కి 9.

#23 · సున్నాఒకటి

నాణెం ఎగరేసినా 9 లేదా అంతకన్నా ఎక్కువ రావడానికి 40 శాతం అవకాశం ఉంది. మీరు నిజాయితీగా పెట్టినందుకు కృతజ్ఞతలు. చాలామంది ఈ రెండో అంకె వచ్చాక ఫోరమ్‌కే రారు.

#24 · ముల్లుగ్రామఫోన్

రాత్రిరాగం, దిగులుపడకు. కనీసం నీ సీడీ కన్నా మంచి మాస్టర్ నీ దగ్గరుంది. చెవి మోసం చేయలేదు, లేబుల్ మోసం చేసింది.

#25 · తీగలపిచ్చి

192 వల్ల లాభం లేదన్నారు సరే, నష్టం కూడా లేదు కదా? ఉంటే పోయిందేముంది?

#26 · సున్నాఒకటి

రెండు. మొదటిది జాగా. స్టీరియోలో 24 బిట్, 192 అంటే కుదించక ముందు సెకనుకు 9,216 కిలోబిట్లు, సీడీకి 1,411. ఆరున్నర రెట్లు.

రెండోది కొంచెం తమాషాగా ఉంటుంది. ఫైల్‌లో 26 కిలోహెర్ట్జ్, 30 కిలోహెర్ట్జ్ శబ్దాలున్నాయనుకోండి. రెండూ మనకు వినిపించవు. కానీ యాంప్లిఫయర్, స్పీకర్ వంద శాతం సూటిగా ఉండవు కదా, ఆ రెండూ కలిసి తేడా స్వరాన్ని పుట్టిస్తాయి: 4 కిలోహెర్ట్జ్. చెవి అత్యంత చురుగ్గా వినేది అక్కడే. అంటే వినిపించనిది తెచ్చి వినిపించే చెత్తను తయారుచేశాం. మంచి పరికరంలో ఇది లెక్కలోకి రాదు. కానీ తేడా వినిపించిందంటే అది మెరుగేనని అనుకోనక్కరలేదు.

#27 · సగంచెవి

నాకూ ఒక హై-రెజ్ అనుభవం ఉంది. ఒక సైట్‌లో 24 బిట్, 96 అని కొన్నాను. స్పెక్ అనే ప్రోగ్రామ్‌లో పెట్టి స్పెక్ట్రమ్ చూస్తే 22 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది, పైన అంతా నల్లటి ఆకాశం. సీడీనే సాగదీసి అమ్మారు. మెయిల్ పెడితే "లేబుల్ వాళ్లు ఇచ్చిందే మేమిచ్చాం" అన్నారు. డబ్బులు మాత్రం తిరిగిచ్చారు, మూడు మెయిళ్ల తర్వాత.

అలాగే ఎవరైనా ఫ్లాక్ ఇచ్చి అది 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించినట్టుంటే, అది ఎక్కువసార్లు 128 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3కి ఫ్లాక్ చొక్కా తొడిగిందే. పాత టేపు రికార్డింగుల్లో సహజంగానే పైన ఏమీ ఉండకపోవచ్చు, వెంటనే తిట్టేయకండి.

#28 · పాతక్యాసెట్

నమస్కారమండీ, చాలా రోజులుగా మౌనంగా చదువుతున్నాను. ఒక చిన్న సందేహం. నేను బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వింటాను. ఫ్లాక్ వల్ల నాకేమైనా ఉపయోగం ఉందా, ఎంపీ3 చాలా?

#29 · సున్నాఒకటి

ఫోన్ లోపల ఫ్లాక్ విప్పుకున్నాక బ్లూటూత్ కోసం దాన్ని సాధారణంగా మళ్లీ నష్టపు పద్ధతిలోనే కుదిస్తుంది. మామూలు ఎస్‌బీసీ కోడెక్ (కుదించే పద్ధతి) అయితే 328 కేబీపీఎస్ దాకా, ఎల్‌డాక్ అయితే సిగ్నల్ బాగున్నప్పుడు 990 దాకా. సీడీకి కావలసిన 1,411 అందులో పట్టదు. ఎంపీ3 పంపితే కుదించినదాన్ని మళ్లీ కుదించినట్టు. నడుస్తూ వినేటప్పుడు అది పట్టించుకునేంత కాదు. ఇయర్‌బడ్స్ చెవిలో బిగుతుగా కూర్చున్నాయా లేదా అన్నది కోడెక్ కన్నా ఎన్నో రెట్లు ముఖ్యం.

ఫ్లాక్ ఉపయోగం వినడంలో కన్నా దాచడంలో ఉంది. రేపు ఇంకో మంచి కోడెక్ వస్తే ఫ్లాక్ నుంచి దానికి మార్చుకోవచ్చు. పైగా ఫ్లాక్ ఫైల్‌లో సాధారణంగా అసలు శబ్దం తాలూకు ఎండీ5 సంతకం దాగి ఉంటుంది. పదేళ్ల తర్వాత కూడా ఒక్క బిట్ చెడినా పరీక్షిస్తే దొరికిపోతుంది.

#30 · రాత్రిరాగం

పరీక్షల పిచ్చి పట్టుకుంది నాకు. లేమ్ అనే ఎన్‌కోడర్‌తో 320 కేబీపీఎస్ ఎంపీ3 చేసి అసలుతో పోల్చాను: 16కి 7. కొంచెం సిగ్గేసింది. 128 చేశాను: ఒక పాటలో 8, ఇంకో పాటలో 16కి 16! ఒకే బిట్ రేట్, ఒకే చెవి. రెండో పాటలో చిడతల్లాంటి వాయిద్యం ఉంది. దెబ్బ పడకముందే "స్స్" అని ఒక నీడ వినిపిస్తోంది. నా ఊహా?

#31 · మిక్సింగ్‌బల్ల

ఊహ కాదు, దాని పేరు ప్రీ-ఎకో. ఎంపీ3 శబ్దాన్ని 1,152 శాంపిళ్ల ముక్కలుగా తీసుకుంటుంది, అంటే 26 మిల్లీసెకన్లు. ఒక ముక్కలో పారేసిన వివరాల వల్ల పుట్టే రణగొణ ఆ ముక్కంతా పరుచుకుంటుంది. గట్టి శబ్దం తర్వాత వస్తే మన చెవి దాన్ని దాచేస్తుంది. ముందు వస్తే దాచలేదు, ఒకటి రెండు మిల్లీసెకన్ల మేరకు తప్ప. చిడతల దెబ్బ అంటే అంతకుముందు నిశ్శబ్దం, ఉన్నట్టుండి శిఖరం. ఆ రణగొణ శిఖరానికి ముందున్న నిశ్శబ్దంలోకి కారుతుంది. ఎన్‌కోడర్ ఇది పసిగట్టి చిన్న ముక్కలకు మారుతుంది గానీ 128లో బిట్లు సరిపోవు. కోడెక్ పరీక్షలకు కాస్టనెట్స్ అనే చిడతల్లాంటి వాయిద్యం వాడేది ఇందుకే.

రెండో శత్రువు ఒంటరి గొంతు. ఎంపీ3 తయారుచేసినవాళ్లలో ముఖ్యుడైన బ్రాండెన్‌బర్గ్, సుజాన్ వేగా పాడిన "టామ్స్ డైనర్"ను, వాయిద్యాలు లేని రూపాన్ని, పెట్టుకుని సరిచేసుకున్నాడు. వెనక వాయిద్యాలుంటే లోపాలు వాటి చాటున దాక్కుంటాయి. ఒక్క గొంతే ఉంటే దాక్కోవడానికి చోటుండదు.

#32 · తీగలపిచ్చి

ఇన్ని చెప్పారు, ఎంక్యూఏ ఫార్మాట్ గురించి ఎవరూ మాట్లాడరే? అది విన్నప్పుడు నిజంగా...

#33 · సగంచెవి

దానికి సంతాపసభ కూడా అయిపోయింది సోదరా. 2014లో వచ్చింది. హై-రెజ్‌ను 24 బిట్ ఫైల్ అడుగు బిట్లలో మడతపెట్టి దాచామన్నారు, డాక్ మీద రంగు దీపం వెలిగితే అది స్టూడియోలో విన్నట్టేనన్నారు. నష్టం లేని ఫార్మాట్ మాత్రం కాదు. 2023లో కంపెనీ దివాలా అంచుకు వెళ్లి చేతులు మారింది, 2024లో టైడల్ అనే స్ట్రీమింగ్ సర్వీస్ దాన్ని పక్కనపెట్టి ఫ్లాక్‌కు వచ్చేసింది. దీపం మాత్రం అందంగా ఉండేది, అది ఒప్పుకుంటాను.

#34 · పాతక్యాసెట్

ఇంకొక ప్రశ్న అడగొచ్చా? నిజానికి నేను ఈ ఫోరమ్‌లో చేరిందే దీనికోసం. మా నాన్నగారు పాడిన క్యాసెట్లు ఏడున్నాయి. ఆయన లేరు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. తెలిసినవాళ్లొకరు 24 బిట్, 192లోనే చేయాలి, లేకపోతే వివరాలు పోతాయి అన్నారు. ఈ చర్చ చదివాక అయోమయంగా ఉంది.

#35 · మిక్సింగ్‌బల్ల

ఇది మంచి ప్రశ్న. పై గొడవంతా పక్కనపెట్టండి.

క్యాసెట్‌లో మెల్లని శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య దూరం 50, 60 డెసిబెల్స్ ఉంటుంది. అంటే 10 బిట్లలో పట్టేస్తుంది. అయినా 24 బిట్లలోనే రికార్డ్ చేయండి. కారణం వివరాలు కాదు, భద్రత. 24 ఉంటే లెవెల్ కిందే ఉంచుకుని, శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా ధైర్యంగా రికార్డ్ చేయొచ్చు. ఎక్కడైనా నాన్నగారు గట్టిగా అందుకున్నా చిట్లిపోదు. శాంపుల్ రేట్ 48 చాలు. చివరికి ఫ్లాక్‌లో దాచి, రెండు వేర్వేరు చోట్ల కాపీలు పెట్టండి.

అసలు తేడా వచ్చేది టేపు డెక్ దగ్గర. ముందు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. క్యాసెట్ మూలలోని ప్లాస్టిక్ నాలుకలు విరిచేయండి, పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా చెరగదు. టేపును ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పండి, ఏళ్లుగా అంటుకుపోయిన చుట్లు వదులవుతాయి. తర్వాత అజిమత్, అంటే టేపు మీద హెడ్ వంపు. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. శబ్దాన్ని మోనోలో పెట్టి, ఆ స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ వినండి. ఒక చోట "స", "శ" అక్షరాలు ఉన్నట్టుండి పదునుగా వినిపిస్తాయి. అక్కడ ఆపండి. రికార్డ్ చేసిన మెషీన్ వంకర ఎంతుందో మీ హెడ్ వంకర కూడా అంతే ఉండాలి. ఇది సరిగ్గా లేకపోతే 192 కాదు, 1,920 పెట్టినా దుప్పటి దుప్పటే. ఒక్కో క్యాసెట్‌కు విడిగా చేయాలి.

#36 · సున్నాఒకటి

మేడం చెప్పినదానికి ఒకటే కలుపుతాను. నాయిస్ రిడక్షన్ సాఫ్ట్‌వేర్ వాడితే దాని కాపీ మీద వాడండి. ముడి రికార్డింగ్‌ను ముట్టుకోవద్దు.

#37 · పాతక్యాసెట్

వారం తర్వాత వస్తున్నాను. ఒక క్యాసెట్ మొదటి వైపు పూర్తయింది.

స్క్రూ తిప్పుతుంటే చేతులు వణికాయి. పావు చుట్టు కూడా కాలేదు, గొంతు ముందుకొచ్చి కూర్చుంది. ఇన్నాళ్లూ ఆయన గొంతు మొద్దుబారి ఉండేదనుకున్నాను, పాత క్యాసెట్ కదా అని. కాదు. రెండో పాట మధ్యలో వెనక ఎవరో దగ్గారు, గిన్నె కింద పెట్టిన చప్పుడు కూడా ఉంది. అమ్మకు వినిపించాను. దగ్గింది తనేనంది. మళ్లీ పెట్టమంది. నాలుగుసార్లు పెట్టించుకుంది, పాట కోసం కాదు.

#38 · రాత్రిరాగం

అభ్యంతరం లేకపోతే ఆ పాట మాకూ వినిపించగలరా?

#39 · ముల్లుగ్రామఫోన్

ఎంపీ3 అయినా సరే.

#40 · పాతక్యాసెట్

తప్పకుండా పెడతాను, అమ్మను అడిగి. ముందు ఒక సందేహం తీర్చండి. క్యాసెట్ మీద నాన్నగారి చేతిరాతతో "డాల్బీ" (టేపు "స్స్"ను తగ్గించే పద్ధతి) అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. బటన్ నొక్కితే "స్స్" తగ్గుతోంది, గొంతు కూడా కొంచెం వెనక్కి వెళ్తోంది. నొక్కి ఎక్కించాలా, నొక్కకుండానా?

#41 · మిక్సింగ్‌బల్ల

రెండు రకాలుగానూ ఎక్కించండి. ఆయనకే ఖచ్చితంగా తెలియలేదంటే మనమెవరం చెప్పడానికి.